క్వో టీచరు దాటని వాగు

క్వో పేయ్-రుంగ్ మా మేడగదిలోకి అద్దెకు దిగినప్పుడు ఒక్క ఏడాదే అంది. ఒక్క ఏడాదికేగదా అని నేను పాత పరుపే వేశాను. తొమ్మిదేళ్ళయింది. ఆ పరుపు నేను మార్చలేదు, మార్చమని ఆమె అడగలేదు. అడిగితే ఇక్కడే ఉండిపోతున్నట్టు ఒప్పుకోవాల్సి వస్తుందని ఆమె భయం. మారిస్తే ఆమె ఏడుస్తుందని నా భయం.

ఆమెది దక్షిణాన పింగ్‌టుంగ్. మొగుడు అక్కడ చేపల చెరువుల మోటార్లు బాగుచేస్తాడు. చెరువుల్ని వీపున వేసుకుని మా మియావ్‌లి కొండల్లోకి రాలేడు కదా. ఉద్యోగం మాత్రం ఆమెకు ఇక్కడి బడిలో దొరికింది. కూతురు పుడితే పాలు మాన్పించి అత్తగారి చేతిలో పెట్టి వచ్చింది. ఆ పిల్లకిప్పుడు ఆరేళ్ళు. ఈమె రెండు వారాలకోసారి శుక్రవారం సాయంత్రం రైలెక్కుతుంది, ఆదివారం దిగుతుంది. దిగిన రోజున ఆమెతో ఎవరూ మాట్లాడకూడదు. నేను కూడా మాట్లాడను, అన్నం మూతపెట్టి పక్కకు జరుగుతాను.

సొంత జిల్లాకు బదిలీ కావాలంటే మార్కులుండాలి. ఎన్నేళ్ళు చేశారు, ఎవరూ ముట్టుకోని పనులు ఎన్ని నెత్తికెత్తుకున్నారు, అన్నిటికీ మార్కులే. బడిలో ఎవరూ ముట్టుకోని పని స్కౌటు జట్టు. కొత్తగా వచ్చినవాళ్ళ మెడలో ఆ స్కార్ఫు కట్టి మిగతావాళ్ళు చేతులు దులుపుకోవడం అక్కడ ఆనవాయితీ. ఆమె చెప్పేది భూగోళం. కొండలూ నదులూ గోడ మీది పటంలో తప్ప ఎరగని మనిషి. మార్కులొస్తాయంటే సరే అంది. ఇక్కణ్ణుంచి బయటపడటానికని ఆ స్కార్ఫు కట్టించుకుంది.

మొదటి ఏడాది క్యాంపు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మెత్తగా ఉంది కదా అని వాగు ఇసుకలో టెంట్లు వేయించింది. మేకు ఇసుకలో నిలుస్తుందా? సాయంత్రం గాలికి రెండు టెంట్లు లేచి పోయి మా కర్బూజా పందిరి మీద వాలాయి. పిల్లలంతా నా పందుల పాకలో పడుకున్నారు. పందులు లేవులెండి, అంతకు ముందే అమ్మేశాను. వాసన మాత్రం కొనేవాడు దొరకలేదు.

ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో ముడి పడని వస్తువు లేదు. కుర్చీ కాళ్ళు, మెట్ల కమ్మీ, బట్టలారేసే గడ, అన్నిటికీ తాళ్ళే. ఒకరోజు పొద్దున్నే లేచి చూస్తే వంటింటి తలుపుకి అడ్డంగా వెదురు కట్టి ఉంది.

“ఏమమ్మాయ్, నా వంటింటిని అరెస్టు చేశావా?” అన్నాను.

“కట్టు నేర్చుకుంటున్నానవ్వా. విప్పడం మర్చిపోయి నిద్రపోయా.”

“దీన్ని కట్టంటారా? మా ఆయన బతికుంటే ఇలాంటి కట్టున్న గూట్లో కోడిని కాదు, కోడి బొమ్మని కూడా పెట్టేవాడు కాదు.”

కూర్చోబెట్టి నేనే నేర్పాను. వెదురు మీద వెదురు అడ్డం పెట్టి, మూడు చుట్లు చుట్టాక, రెండు వెదుళ్ళ మధ్యలోంచి తాడు పోనిచ్చి గట్టిగా నొక్కి చుడితేనే కట్టు బిగుస్తుంది. నేను బడికి వెళ్ళింది నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళలో నేర్చినది దేనికీ పనికిరాలేదు, ఇది పనికొచ్చింది. ఆమె పట్టుదల గల మనిషి. మూడో ఏడాదికి నా తప్పులు నాకే చూపించడం మొదలెట్టింది.

జట్టుకి ఆమె పెట్టిన నియమాలు బోలెడు. బూడిదలో అరచేయి పెట్టి చల్లగా ఉంటే తప్ప నిప్పు ఆరినట్టు కాదు. టెంటు తలుపు గాలికి ఎదురుగా ఉండకూడదు. అన్నిటికన్నా గట్టివి రెండు. మొదటిది, క్యాంపు ఎత్తేసేటప్పుడు ఆ నేల మీద మనుషులు ఉండి వెళ్ళిన ఆనవాలు మిగలకూడదు. పిల్లలు భుజం భుజం కలిపి వరసగా మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డి దువ్వుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు పోతారు. అగ్గిపుల్ల కాదు, నూడుల్సు తునక దొరికినా ఏరాల్సిందే. రెండోది, తాడు మీద మనిషి బరువు వేసేముందు, కట్టినవాళ్ళు కాక ఆ రోజు వంతు వచ్చినవాళ్ళు ముడి చూసి “సరే” అనాలి. ఆ మాట వినిపించందే ఎవరూ కాలు పెట్టకూడదు. ఒక ఏడాది ప్రిన్సిపాలు తాడు వంతెన మీద ఫొటో దిగుదామని వచ్చాడు. వంతు పిల్ల పన్నెండేళ్ళది, కింద కూర్చుని ముడులు ఒక్కొక్కటే చూస్తోంది. ఆయన ఒక కాలు గాల్లో పెట్టుకుని కొంగలా నిలబడ్డాడు. టీచరు నవ్వలేదు. నేను రెండు రోజులు నవ్వాను.

ఈ ఏడాది మార్కులు సరిపోయాయి. జాబితాలో పేరొచ్చింది. పింగ్‌టుంగ్‌లో వాళ్ళింటికి సైకిలు దూరంలో ఉన్న బడి. మంగళవారం పొద్దున పది లోపు ఆ బడికి స్వయంగా వెళ్ళి కాగితాలు చూపించి, నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. క్యాంపు శనివారం నుంచి సోమవారం మధ్యాహ్నం దాకా. ఆ తేదీలు ముందే ఖాయమైపోయాయి. సోమవారం సాయంత్రం ఏడుంబావు రైలుకి టికెట్టు కొని, సంచీ సర్ది మా గుమ్మం దగ్గర పెట్టి క్యాంపుకి వెళ్ళింది. ఆ మూడు రోజులూ నేను ఆ సంచీని దాటుకుంటూ తిరిగాను.

క్యాంపు వేసే మెరక నాదే. వాగుకి అవతల ఉంటుంది. వెనక నిటారుగా లేచిన కొండ, దాని మీద వెదురు పొదలు, దారి లేదు. ఇవతలికి రావాలంటే వాగుకి అడ్డంగా వేసిన సిమెంటు చప్టా ఒక్కటే. సోమవారం పదకొండింటికి నేను చప్టా దాటి వెళ్ళాను. టెంట్లు అప్పటికే చుట్టేశారు. పై కొండ తల మీద ఆకాశం పొయ్యి వెనక గోడలా నల్లగా ఉంది.

“అమ్మాయ్, పైన చూశావా? ఇక కదలండి.”

“అరగంటవ్వా.”

అప్పుడు జట్టు నాయకురాలు వచ్చింది. పెంగ్ వాన్-యూ, పద్నాలుగేళ్ళ పిల్ల, బక్కపల్చగా ఉంటుంది, మాట తక్కువ.

“మేకులు తొంభై ఐదే ఉన్నాయి టీచర్. ఒకటి తక్కువ.”

“మళ్ళీ లెక్కపెట్టు.”

“మూడుసార్లు పెట్టాను.”

టీచరు ఈల వేసింది. ఇరవై ఇద్దరు పిల్లలూ వరసగా మోకాళ్ళ మీద కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండింది.

“ఒక్క మేకు కోసమా? మా ఇంట్లో గోనెసంచీ నిండా తుప్పు పట్టిన మేకులున్నాయి, తీసుకుపొండి, వండుకు తినండి!”

“మేకు కోసం కాదవ్వా,” అంది ఆమె. “రేపట్నుంచి మీరు ఇక్కడ చెప్పుల్లేకుండా తిరుగుతారు.”

తిరుగుతాను మరి.

ఒక చివర నుంచి ఇంకో చివరకు పోయారు. దొరకలేదు. అడ్డంగా పోయారు. దొరకలేదు. రెండో టీచరు శ్యే సారు లెక్కల మనిషి, నలభై దాటాయి, మూడు రోజులుగా తడిసిన బూట్లతో విసిగి ఉన్నాడు. “పోనీ, వదిలేద్దామా?” అని రెండుసార్లు అన్నాడు. రెండుసార్లూ ఆమె వినిపించుకోలేదు. ఒంటిగంటా నలభైకి మేకు దొరికింది. ఒక బుడ్డోడు నూడుల్సు గిన్నె మూత ఎగిరిపోకుండా దాన్ని బరువుగా పెట్టి, తిన్నాక గిన్నెతో పాటు సంచీ అడుగున కుక్కాడు. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. టీచరు కూడా నవ్వింది.

చప్పట్లు ఆగాయి. వాగులోంచి ఇంకో చప్పుడు వినిపిస్తోంది. నీళ్ళ అడుగున రాళ్ళు దొర్లే చప్పుడది. మా మీద ఇంకా ఒక్క చినుకు పడలేదు. వాన పైన పడింది, నీళ్ళు మా దగ్గరకొచ్చాయి. టీ చల్లారేంత సేపట్లో చప్టా మునిగిపోయింది.

టీచరు ముఖంలో రంగు పోయింది గానీ చేతులు ఆగలేదు. ఈల మూడుసార్లు కొట్టి, చుట్టిన టెంట్లన్నీ విప్పించి, మెరక మీద అన్నిటికన్నా ఎత్తైన చోట మళ్ళీ వేయించింది. ఆ పిల్లలు పనిచేస్తుంటే చూడాలి. ఇద్దరు గాడి తవ్వుతున్నారు, ఇద్దరు తాళ్ళు బిగిస్తున్నారు, నలుగురు వెదురు లోపలి పొడి చీలికలు తీసి చొక్కాల కింద దాస్తున్నారు. మా మీద వాన మొదలయ్యేసరికి పొయ్యి మీద గంజి ఉడుకుతోంది. నన్ను పొయ్యి దగ్గర ఊదనివ్వలేదు కూడా. “మీరు అతిథి, కూర్చోండవ్వా” అన్నారు. నా పొలంలో నేను అతిథిని.

ఫోను అందేది కొండ మొదట్లో ఒక్క బండ మీదే. టీచరు అక్కడికెక్కి అగ్నిమాపకం వాళ్ళకు చెప్పింది. ఊరి కుర్రాళ్ళతో కలిసి వాళ్ళు అవతలి గట్టుకి వచ్చారు. వాళ్ళలో మా చెల్లెలి కొడుకు అ-షింగ్ కూడా ఉన్నాడు. తాడు విసిరి అందించి, రెండు గట్ల మీదా బిగించి, దాని మీదుగా రొట్టెలూ టార్చీలూ పంపారు. “మెరక మీద భయం లేదు, కదలొద్దు, పొద్దుటికి నీళ్ళు తీసేస్తాయి” అని అరిచి చెప్పి, వేరే ఊళ్ళో ఇంకెవరో చిక్కుకున్నారంటే అటు వెళ్ళారు. అ-షింగ్ తన చిన్న లారీతో అక్కడే ఉండిపోయాడు.

ఆమె మళ్ళీ బండ ఎక్కింది, ఈసారి పింగ్‌టుంగ్ బడికి ఫోను చేయడానికి. గొడుగు పట్టుకుని నేనూ పక్కన నిలబడ్డాను. అవతల ఎవరో ఆడమనిషి, మర్యాదగానే మాట్లాడింది.

“స్వయంగా రావాలండీ. పది లోపు. రాకపోతే వదులుకున్నట్టు రాసుకుంటాం.”

“ఇక్కడ వాగు పొంగింది. పిల్లలున్నారు.”

“అయ్యో. జాగ్రత్తండీ. పది లోపు.”

అయిదు కావస్తోంది. అక్కణ్ణుంచి స్టేషను గంట దారి. శ్యే సారే ముందు నోరు విప్పాడు.

“మీరు వెళ్ళండి టీచర్. పిల్లలు భద్రంగానే ఉన్నారు. నేనున్నాను, అవ్వ ఉంది.”

నేనూ అన్నాను, దాచడం ఎందుకు. “చప్టా మీద నీళ్ళు తొడ దాకానే ఉంటాయి. నడుముకి తాడు కట్టుకుని, ఆ పెద్ద తాడు పట్టుకుని పో. అవతల అ-షింగ్ ఉన్నాడు. తొమ్మిదేళ్ళమ్మాయ్. పో.”

అవతలి నుంచి వాడు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు. “టీచర్! బండి స్టార్టు చేసే ఉంచా! రెండు నిమిషాల పని!”

గోధుమరంగు నీళ్ళలో ఎవరూ దిగకూడదని పిల్లలకు చెప్పింది ఆవిడే. అది ఆమెకు గుర్తులేదని నేననుకోను. టెంట్ల వైపు చూసింది, వాగు వైపు చూసింది, చేతి గడియారం చూసుకుంది. తాడు తీసి నడుముకి చుట్టుకుంది. ముడి తప్పలేదు. రెండో కొస పెద్ద తాడుకి తగిలించింది.

ఎవరూ పిలవకుండానే వాన్-యూ వచ్చింది. ఆ రోజు ముడులు చూసే వంతు ఆ పిల్లది, చేతికి ఎర్రపట్టీ ఉంది. వంగి ముడి చూసింది. కొస లాగింది, వెనక్కి తిప్పి చూసింది. తరువాత లేచి నిలబడింది. పిల్లలంతా టెంట్లలోంచి తలలు బయటపెట్టి చూస్తున్నారు.

“ఊఁ, చెప్పు,” అంది టీచరు.

పిల్ల చెప్పలేదు.

“ముడిలో తప్పుందా?”

“లేదు.”

“మరి?”

పిల్ల వాగు వైపు చూసింది.

“వాన్-యూ, సరే అను.”

పిల్ల పెదాలు బిగించింది. నాకు ఆగలేదు. “ఏయ్ పిల్లా, నోట్లో ముల్లంగి అడ్డంపడిందా? ఆవిడకి రైలుంది! ఆ ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయింది?”

పిల్ల కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోవట్లేదు.

“ఇలా తప్పుకో, నేను చూస్తాను, నేను చెప్తాను,” అని శ్యే సారు ముందుకొచ్చాడు.

“మీ వంతు కాదు సార్,” అంది టీచరు.

ఆమె వెళ్ళి ఉండొచ్చు. ఆపేవాళ్ళెవరూ లేరు. ఆ నియమం ఏ పుస్తకంలోనూ లేదు, ఆమె పెట్టిందే. ప్రిన్సిపాలుని ఒంటికాలి మీద నిలబెట్టింది ఆ మాటతోనే. ఇప్పుడు తన కాలు వాగు అంచున పెట్టి, పద్నాలుగేళ్ళ పిల్ల నోటి వైపు చూస్తూ నిలబడింది. ఎంతసేపో నాకు తెలియదు. అవతల అ-షింగ్ హారను కొట్టాడు. మళ్ళీ కొట్టాడు.

ఆమె ముడి విప్పుకుంది. తడిసిన ముడి కదా, కట్టిన దానికన్నా విప్పడానికి ఎక్కువ సేపు పట్టింది. తాడుని పద్ధతిగా చుట్ట చుట్టి పిల్ల చేతికిచ్చి, టెంట్లోకి వెళ్ళి అటు తిరిగి పడుకుంది. ఏడింటికి అ-షింగ్ లారీ దీపాలు ఆరిపోయాయి. ఏడుంబావు ఎప్పుడయిందో మాకందరికీ తెలుసు.

పొద్దున ఏడు తరువాత నీళ్ళు తీశాయి. ఎనిమిదింటికి చప్టా బయటపడింది. దాని మధ్యలో మనిషి పట్టేంత ముక్క లేచిపోయి ఉంది. రాత్రి పోయుంటుందని అ-షింగ్ అన్నాడు. కాదు, మొదటి ఉరవడికే పోయుంటుందని ఇంకొకడన్నాడు. సాయంత్రం అయిదింటికి అది ఉందో లేదో ఎవరికీ తెలియదు. టీచరు ఆ ఖాళీని చూస్తూ చాలాసేపు నిలబడింది. ఉన్నదని తెలిసినా, లేదని తెలిసినా ఒక దారిన ఏడ్చేది. అదీ లేకుండా పోయింది.

పలకలు వేసి పిల్లల్ని ఒక్కొక్కరినే దాటించారు. అమ్మానాన్నలు వచ్చి ఉన్నారు. ఒక తండ్రి తన కొడుకు చెవి పట్టుకు చూసి, పిల్లాడు క్షేమంగానే ఉన్నాడని తేలాక కోపం తెచ్చుకున్నాడు.

“పక్క బడి వాళ్ళు క్యాంపు ఎత్తేసి నిన్న పన్నెండుకే ఇల్లు చేరారు టీచర్. మీరు మాత్రం నేల తుడుస్తూ కూర్చున్నారట.”

“తప్పు నాదే. క్షమించండి,” అని ఆమె నడుం వంచింది.

నేను నోరు తెరిచాను. ఆమె నా కాలు తొక్కింది. గట్టిగానే తొక్కింది.

అందరూ వెళ్ళాక వాన్-యూ మిగిలింది. వాళ్ళ తాత స్కూటరు మీద ఎదురుచూస్తున్నాడు. పిల్ల వచ్చి ఎదురుగా నిలబడింది. తప్పయిందని అనలేదు.

“నిన్న ఏం చూశావ్?” అని టీచరు అడిగింది.

“మీరు ముడి మొదలెట్టినప్పుడు చప్టా పక్క స్తంభం మీద నీటిమట్టం చూపే పసుపు గీత కనిపించింది. ముడి అయ్యేసరికి మునిగిపోయింది.”

“ఆ మాట అప్పుడే అనొచ్చుగా?”

“అంటే మీరు లెక్కవేసి, ఫర్వాలేదని చెప్పేవారు. మీరు చెప్తే నేను ఒప్పేసుకుంటాను టీచర్. ఎప్పుడూ అంతే. అందుకే మాట్లాడలేదు.”

టీచరు ఆ పిల్ల మెడలోని స్కార్ఫు సరిచేసింది. అలవాటు మీద సరిచేసిందో, ప్రేమ మీద సరిచేసిందో నేను చెప్పలేను. “వెళ్ళు. తాతని ఎండలో నిలబెట్టకు,” అంది.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే ఫోను మోగింది. గోడ గడియారం పది దాటి అయిదు నిమిషాలు.

“క్వో పేయ్-రుంగ్ గారేనా? మూడుసార్లు పిలిచామండీ.”

“నేనే.”

“మీ నోటితో చెప్తే రాసుకుంటాం.”

“వదులుకుంటున్నాను,” అంది. గొంతు బాగానే ఉంది. పంపు కట్టడం మాత్రం మర్చిపోయింది. నీళ్ళు ఆమె కాళ్ళ మీద పడుతూనే ఉన్నాయి. నేను వెళ్ళి కట్టాను.

తరువాత మొగుడికి చేసింది. నాకు ఇటువైపు మాటలే వినిపించాయి. “ఊఁ... తడవలేదు... ఊఁ... నువ్వు చెప్పు పాపకి.” మళ్ళీ తనే, “వద్దు, నేనే చెప్తాను. సాయంత్రం,” అంది.

ఎండు ముల్లంగి వేసి గుడ్డట్టు పోశాను. రెండు గిన్నెల అన్నం తింది. జాబితాలో పేరొచ్చాక వదులుకున్నవాళ్ళు రెండేళ్ళ దాకా మళ్ళీ అడగకూడదట. అన్నం తింటూ, ఉప్పు చాలలేదని చెప్పినట్టు చెప్పింది.

“అవ్వా, వచ్చే ఏడాది మీ మెరక మాకే ఇవ్వాలి. జులై వద్దు. నవంబరులో పెట్టుకుంటాం, వానలుండవు.”

ఇవ్వనని చెబుదామనుకున్నాను. అందులో అల్లం పంట వేస్తున్నానని చెబుదామనుకున్నాను. ఆ మెరక లేకపోతే జట్టుకి వేరే చోటు లేదు, జట్టు లేకపోతే ఆమెకు మార్కులు లేవు. మెరక ఉంటే ఇంకో రెండేళ్ళు ఇక్కడే. బియ్యం కొట్టువాడు ఇచ్చిన క్యాలెండరు గోడ నుంచి తీశాను.

“ఇందులో వచ్చే ఏడాది లేదమ్మాయ్. ఆ క్యాలెండరు ఇంకా అచ్చే కాలేదు.”

“అయితే అట్ట వెనకాల రాయండి,” అంది. “రెండేళ్ళకీ రాయండి.”

రాశాను.